కొలెస్టరాలూ, మొక్కలిచ్చే స్టెరాళ్ళూ

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగానికి పాఠం)



పంచాంగ శ్రవణం అయిన తరువాత, పులిహోర పంచడానికి ముందు, మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ రెంటికీ నడుమ నిలబడి మాట్లాడటం ఎంత సాహసమో మాకు తెలుసు. మీరంతా ఇప్పుడే మీ మీ రాశుల ఆదాయ వ్యయాలు విని ఉన్నారు. మేము చెప్పబోయేది కూడా ఒక ఆదాయ వ్యయాల లెక్కే. కాకపోతే అది రాశులది కాదు, మన ఒంట్లో తిరిగే కొలెస్టరాలుది.

మేము డాక్టర్లము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగా చేరి, టిక్కెట్లూ చలానాలూ చూసుకుంటూ కాలం గడుపుతున్నవాళ్ళము. మా తాతగారు పలాస నుంచి ఖుర్దారోడ్డుకు బదిలీ మీద వచ్చిన నాటినుంచీ మా ఇంట్లో అన్నం పెడుతున్నది రైలే గాని వైద్యం కాదు. అయినా ఈ విషయం మీద మాట్లాడతామని కార్యవర్గంవారిని మేమే అడిగాము. ముందు దానికి కారణం మనవి చేస్తాము.

మా మేనమామగారు మీలో చాలామందికి తెలుసు. గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. వారి అనుమతి తీసుకునే ఇది చెబుతున్నాము. మూడో వరసలో కూర్చుని, మేము ఎక్కడ తప్పుతామా అని వింటున్నారు కూడా.

రెండేళ్ళ క్రిందట మామయ్యగారికి రక్త పరీక్ష చేయిస్తే, చెడ్డ కొలెస్టరాలు అని వాడుకలో అనే ఎల్.డి.ఎల్. 168 అని వచ్చింది. డాక్టరుగారు స్టాటిన్ జాతి మాత్ర ఒకటి రాసి, రోజూ రాత్రి వేసుకోమన్నారు. మూడు నెలలకు 168 కాస్తా 92కు దిగింది. అంతా బాగానే ఉన్నది. ఇంతలో ఎవరో ఆ మాత్రలు కాళ్ళ సత్తువ లాగేస్తాయని చెప్పారు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పి ముందునుంచీ ఉన్నదే. ఆ నొప్పికి ఈ మాట తోడయింది.

ఒక సాయంత్రం మమ్మల్ని పిలిచి, "ఏరా, మాత్ర లేకుండా తిండితోనే ఇది తగ్గే ఉపాయం ఏదైనా ఉందేమో చూడు" అన్నారు.

ఆ నెలలోనే ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళి, అక్కడ ఒక పెద్ద దుకాణంలో ఒక డబ్బా చూశాము. పాలలో కలుపుకొనే పొడి. మొక్కల స్టెరాళ్ళు కలిపినదనీ, కొలెస్టరాలు తగ్గిస్తుందనీ దాని మీద ఇంగ్లీషులో అచ్చువేసి ఉన్నది. ధర చూస్తే గుండె జల్లుమన్నది గాని, మామయ్యగారి కోసం గదా అని కొన్నాము. తెచ్చి వారి చేతిలో పెట్టి, "ఇది తిండే మామయ్యా, మందు కాదు, భయపడనక్కరలేదు" అన్నాము.

వారు ఆ రాత్రినుంచే మాత్ర మానేశారు. డాక్టరుగారిని వారూ అడగలేదు, మేమూ అడగలేదు. ఆ డబ్బా అయిపోతే ఇంకొకటి, అదీ అయిపోతే మరొకటి తెప్పించి, నాలుగు నెలలు పూటకు ఒక చెంచా చొప్పున, ప్రసాదం పుచ్చుకున్నంత నిష్ఠగా పుచ్చుకున్నారు. అయిదో నెలలో ఒక రాత్రి రొమ్ములో నొప్పి వచ్చింది. తెల్లవారేలోగా ఆసుపత్రిలో చేర్చి, గుండె నాళంలో స్టెంటు వేయించవలసి వచ్చింది. అప్పుడు తీసిన రక్తంలో ఎల్.డి.ఎల్. 151.

మాత్ర మానడం వల్లనే ఇది వచ్చిందా అని డాక్టరుగారిని అడిగాము. "అట్లా తేల్చి చెప్పలేను. మాత్ర వేసుకుంటున్నా కొందరికి వస్తుంది. వేసుకుంటూ ఉంటే వచ్చే అవకాశం తక్కువగా ఉండేది" అన్నారు. ఆ "తక్కువ" అనే మాట మా చెవిని ఇంకా వదలలేదు. డబ్బా తెచ్చినది మేమే గదా.

ఆ తరువాత కొన్నాళ్ళు ఆ డబ్బా మీద మాకు చెప్పలేనంత కోపం వచ్చింది. అది మోసమో కాదో తేల్చాలని పూనుకున్నాము. డాక్టరుగారిని అడిగి, తెలిసినవారి చేత చదివించుకొని, తెలియని మాటలు నిఘంటువులో వెతుక్కొని, ఆరు నెలలు కుస్తీ పట్టాము. మోసమని తేలితే మనసుకు కాస్త ఊరటగా ఉండేది. అట్లా తేలలేదు. ఏమి తేలిందో అదే ఇప్పుడు చెబుతాము.

కొలెస్టరాలు అనగానే విషమనుకుంటాము. విషం కాదు. మన శరీరంలోని ప్రతి కణానికీ పైపొరలో అది కావాలి. కొన్ని హార్మోన్లు దానితోనే తయారవుతాయి. పైత్యరసంలోని ఆమ్లాలు దానితోనే తయారవుతాయి. అంచేత శరీరం తనకు కావలసినదానిలో ఎక్కువ భాగం తానే తయారు చేసుకుంటుంది. ఆ పనిలో పెద్ద చెయ్యి కాలేయానిది. నెత్తురులో అది అవసరానికి మించి ఏళ్ళ తరబడి తిరిగితే నాళాల గోడలలో పేరుకొని దారి ఇరుకు చేస్తుంది. చిక్కల్లా అక్కడ.

మనలో శాకాహారులు "మేము గుడ్డయినా ముట్టము, మాకు కొలెస్టరాలు ఎక్కడిది?" అంటారు. నిజమే, కొలెస్టరాలు జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే చెప్పుకోదగినంత ఉంటుంది. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి అందులోకి వస్తాయి. కాని పేగులోకి రోజూ చేరే కొలెస్టరాలులో తిండి ద్వారా వచ్చేది చిన్న వాటా. మాంసం గుడ్లు తినేవారికి సుమారు 300 మిల్లీగ్రాములు అనుకుంటే, కాలేయం నుంచి పైత్యరసంతో కలిసి వచ్చేది సుమారు ఒక గ్రాము. ఈ మొత్తంలో ఇంచుమించు సగం తిరిగి ఒంట్లోకి పోతుంది. కాబట్టి తిండిలో ఏమీ లేకపోయినా ఈ రాకపోకలు ఆగవు.

వేరుసెనగ నూనె డబ్బా మీద "ఇందులో కొలెస్టరాలు లేదు" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. వేరుసెనగలో అది ఎన్నడు ఉన్నది గనుక? కొబ్బరికాయ మీద "ఇందులో ఎముకలు లేవు" అని రాసినట్టే ఇదీను.

జంతువులకు కొలెస్టరాలు ఎట్లాగో, మొక్కలకు అదే పని చేసే పదార్థాలు వేరే ఉన్నాయి. వాటినే మొక్కల స్టెరాళ్ళు అంటారు. సిటోస్టెరాలు, కాంపెస్టెరాలు, స్టిగ్మాస్టెరాలు వాటిలో ముఖ్యమైనవి. నువ్వులు, వేరుసెనగలు, పప్పులు, గింజల నూనెలు, ధాన్యాల పై పొట్టు, వీటన్నిటిలోనూ ఉంటాయి. రూపంలో ఇవి కొలెస్టరాలుకు అన్నదమ్ముల వంటివి. సిటోస్టెరాలుకు తోక కొసన రెండు కార్బను పరమాణువులు అదనంగా ఉంటాయి, అంతే తేడా. ఆ చిన్న తేడాలోనే కథ అంతా ఉన్నది.

ఇక్కడ మా ఉద్యోగం మాకు అక్కరకు వచ్చింది. డాక్టరుగారు చెప్పిన దానిని మేము రైలు భాషలోకి మార్చుకొని అర్థం చేసుకున్నాము. మీరూ అట్లాగే చిత్తగించండి.

కొలెస్టరాలు నీళ్ళలో కరగదు. పేగులో నుంచి పేగు గోడ దాకా అది చేరాలంటే పైత్యరసం తయారుచేసే అతి సన్నని బిందువులలో ఎక్కి ప్రయాణం చేయాలి. వీటిని మైసెల్స్ అంటారు. వీటిని మనం పెట్టెలనుకుందాము. పెట్టెలో సీట్లు ఇన్ని అని లెక్క ఉన్నది. కొలెస్టరాలు ఒక్కటే ప్రయాణిస్తే సుఖంగా చోటు దొరుకుతుంది. అదే సమయానికి మొక్కల స్టెరాళ్ళు గుంపుగా వచ్చి సీట్లలో కూర్చుంటే, కొలెస్టరాలుకు చోటు చాలదు. కొంత ఎక్కుతుంది, కొంత ప్లాట్‌ఫారం మీదనే మిగిలిపోతుంది. మిగిలినది మలంతో బయటికి పోతుంది.

మరి ఎక్కిన స్టెరాళ్ళు మన నెత్తురులోకి పోవా అని మీరు అడగవచ్చు. పేగు కణం గేటు దగ్గర ఇద్దరికీ ప్రవేశం ఉన్నది. గేటు దాటిన తరువాత తనిఖీ ఉన్నది. రెండు ప్రొటీన్లు జోడీగా నిలబడి, మొక్కల స్టెరాలును గుర్తుపట్టి, "నీ టిక్కెట్టు ఈ బండికి చెల్లదు" అన్నట్టు మళ్ళీ పేగులోకే తోసేస్తాయి. అందువల్ల కొలెస్టరాలు నూటికి ఇంచుమించు 50 పాళ్ళు లోపలికి పోతే, మొక్కల స్టెరాళ్ళు నూటికి 5 పాళ్ళు కూడా పోవు. అవి సీటు ఆక్రమిస్తాయి గాని ఊరు చేరవు. మనకు జరిగే ఉపకారమంతా ఆ సీటు ఆక్రమణలోనే ఉన్నది.

పేగునుంచి రావలసినది తగ్గేసరికి కాలేయం నెత్తురులోని ఎల్.డి.ఎల్.ను ఎక్కువగా లాక్కుంటుంది. అట్లా నెత్తురులో లెక్క తగ్గుతుంది. అయితే కాలేయం కూడా తెలివైన గుమాస్తా వంటిది. రాబడి తగ్గిందని చూసి, సొంత తయారీ కొంత పెంచుతుంది. అంచేతనే ఈ తగ్గుదల ఒక హద్దు దాటి పోదు. ఈ హద్దును దయచేసి గుర్తు పెట్టుకోండి. మా కథ చివరికి అక్కడికే వస్తుంది.

ఇది నిన్న మొన్నటి సంగతి అనుకున్నాము గాని కాదు. 1951లో అమెరికాలో పీటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు కోడిపిల్లలకు కొలెస్టరాలు కలిపిన మేతతోపాటు సోయా స్టెరాళ్ళు పెట్టి చూస్తే, వాటి నెత్తురులో కొలెస్టరాలు పెరగలేదు. 1953లో పోలాక్ అనే వైద్యుడు మనుషులలోనూ తగ్గుదల చూపించాడు. ఎలీ లిల్లీ కంపెనీ సైటెల్లిన్ అనే పేరుతో దీనిని మందుగా అమ్మింది. 1982 దాకా అది అంగడిలో ఉన్నది. కాని శుద్ధమైన స్టెరాలు నీళ్ళలోనూ సరిగా కరగదు, నూనెలోనూ సరిగా కరగదు. సుద్దపొడిలాగా గ్రాములకు గ్రాములు మింగవలసి వచ్చేది. రోజూ ఎవరు మింగుతారు?

చిక్కు విడిపోయింది ఫిన్లండులో. ఆ దేశంలో తూర్పున ఉత్తర కరేలియా అనే జిల్లా ఉన్నది. పాడి పుష్కలం, వెన్న పుష్కలం, పొగాకు కూడా పుష్కలమే. మధ్యవయసు మగవాళ్ళు గుండె జబ్బుతో రాలిపోతుంటే, 1972లో పెక్కా పుస్కా అనే వైద్యుని ఆధ్వర్యంలో అక్కడ ఒక పెద్ద ఉద్యమం మొదలుపెట్టారు. వెన్న తగ్గించడం, నూనెలు వాడటం, పొగ మానడం, రక్తపోటు అదుపులో పెట్టుకోవడం, ఇవి దానిలో ముఖ్యం. ఇళ్ళూ, దుకాణాలూ, మహిళా సంఘాలూ అన్నీ కలిసి పనిచేశాయి. ఏళ్ళు గడిచేకొద్దీ మరణాలు బాగా తగ్గాయి.

ఫిన్లండులో దేవదారు జాతి చెట్ల అడవులు విస్తారం. కాగితపు గుజ్జు తీసేటప్పుడు ఆ చెక్కనుంచి ఒక జిడ్డు నూనె మిగులుతుంది. దానిలో స్టెరాళ్ళు ఉన్నాయి. రైసియో అనే కంపెనీవారు ఆ స్టెరాళ్ళకు హైడ్రోజను చేర్చి స్టానాళ్ళుగా మార్చి, వాటిని కొవ్వు ఆమ్లాలతో జోడించారు. ఆ జోడింపుతో సుద్దపొడి కాస్తా నూనెలో హాయిగా కలిసిపోయింది. దానితో రొట్టె మీద రాసుకొనే మార్గరీను తయారుచేసి 1995లో బెనెకాల్ అనే పేరుతో అంగడిలో పెట్టారు.

అదే సంవత్సరం మియెట్టినెన్ అనే ఆచార్యుడు, ఆయనతోటివారు ఉత్తర కరేలియా ప్రజలలో చేసిన పరీక్షా ఫలితం ప్రకటించారు. 153 మంది. వారిలో మూడో వంతుకు మామూలు మార్గరీను, తక్కిన వారికి స్టానాలు కలిపిన మార్గరీను. ఏడాది గడిచాక చూస్తే, మామూలు మార్గరీను తిన్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. స్టానాలు తిన్నవారిలో మొత్తం కొలెస్టరాలు నూటికి 10 పాళ్ళు, ఎల్.డి.ఎల్. నూటికి 14 పాళ్ళు తగ్గాయి.

ఆ తరువాత అనేక దేశాలలో పరీక్షలు జరిగాయి. వాటన్నిటి సారాంశం ఇది. రోజుకు సుమారు 2 గ్రాముల స్టెరాలు గాని స్టానాలు గాని భోజనంతోపాటు తీసుకుంటే, రెండు మూడు వారాలలో ఎల్.డి.ఎల్. నూటికి 7 నుంచి 10 పాళ్ళ వరకు తగ్గుతుంది. 3 గ్రాములు దాటి తిన్నందువల్ల అదనపు లాభం పెద్దగా లేదు. మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇంతవరకు విన్న సోదరీమణులు "ఇంట్లో నువ్వులు ఉన్నాయి గదా, డబ్బా ఎందుకు?" అని తప్పక అడుగుతారు. మా ఇంట్లో మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న అదే. లెక్క వేసి చూద్దాము.

మనం తినే గింజలలో స్టెరాళ్ళ విషయంలో నువ్వులది మొదటి వరస. 100 గ్రాముల నువ్వులలో సుమారు 400 మిల్లీగ్రాములు ఉంటాయి. 2 గ్రాములు కావాలంటే రోజుకు అర కిలో నువ్వులు తినాలి. అర కిలో నువ్వులంటే 2,800 కాలరీలు. కొలెస్టరాలు సంగతి దేవుడెరుగు, మనిషి తలుపులో పట్టడు.

తవుడు నూనె సంగతి ఇంకొకటి. మన తాతలనాడు తవుడు గేదెలకు వేసి, తెల్లటి బియ్యం మనం తిన్నాము. గేదెలకే మంచిది దక్కింది. తవుడు నూనెలో 100 గ్రాములకు ఒక గ్రాము పైచిలుకు స్టెరాళ్ళు ఉంటాయి. ఒరిజనాల్ అనే పదార్థం దాని ప్రత్యేకత. అది కూడా ఎక్కువ భాగం స్టెరాళ్ళ కుటుంబంలోనిదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో సి. రుక్మిణి, టి.సి. రఘురాం మొదలైనవారు ఈ నూనె మీద 1980లలోను, ఆ తరువాతను కృషి చేసి, ఇది కొలెస్టరాలును తగ్గించగలదని చూపారు. తెలుగుదేశం నడిబొడ్డున జరిగిన పని కాబట్టి కాస్త గర్వంగానే చెబుతున్నాము. అయినా ఇక్కడా లెక్క తప్పదు. రోజుకు ఒక పెద్ద చెంచా నూనె వాడితే వచ్చేది 160 మిల్లీగ్రాముల చిల్లర. దానితో 2 గ్రాములు చేయాలంటే పన్నెండు చెంచాలు తాగాలి.

మామూలు భోజనంలో మనిషికి రోజుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల స్టెరాళ్ళు అందుతాయని లెక్క. పప్పూ, గింజా, కూరా బాగా తినే శాకాహారులకు మరి కాస్త ఎక్కువ. ఇది కూడా వృథా కాదు, తనవంతు పని చేస్తూనే ఉంటుంది. అంచేత నువ్వులపొడి వేసుకోండి, వేరుసెనగలు తినండి, నెయ్యి, డాల్డా తగ్గించి ఆ చోట తవుడు నూనె గాని నువ్వుల నూనె గాని వాడండి, నిక్షేపంగా వాడండి. కాని అదే 2 గ్రాముల మోతాదు అనుకోవద్దు. డబ్బాలో పెట్టి అమ్మేది గింజలలోనుంచో చెక్కలోనుంచో తీసి చిక్కబరచినది. దానిని తిండి అనడం పేరుకే గాని, పనిలో అది మందుకు దగ్గర చుట్టమే. "ఇది తిండే మామయ్యా" అని ఆ రోజు మేము అన్న మాట అంచేత సగమే నిజం.

ఇప్పుడు మామయ్యగారి లెక్కకు వద్దాము. ఒక రాత్రి పాత డబ్బా తీసి, ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకొని, అట్ట మీది చిన్న అక్షరాలు మొదటిసారిగా పూర్తిగా చదివాము. రోజుకు రెండు చెంచాలు, దానిలో స్టెరాళ్ళు 2 గ్రాములు అని ఉన్నది. మామయ్యగారు అంతే పుచ్చుకున్నారు. మందు లేనప్పుడు వారి ఎల్.డి.ఎల్. 168. నూటికి 10 పాళ్ళు తీసివేస్తే 151. ఆసుపత్రిలో వచ్చిన అంకె 151.

ఒక్క మనిషి అంకె శాస్త్రానికి రుజువు కాదని డాక్టరుగారు హెచ్చరించారు. సరే. కాని గుమాస్తాకు లెక్క సరిపోయినప్పుడు తెలుస్తుంది. డబ్బా మోసం చేయలేదు. తాను చేస్తానన్నంత చేసింది. అది "తగ్గిస్తుంది" అన్నది. "ఎంత?" అని మేము అడగలేదు. అదే అట్ట మీద ఒక మూల, కొలెస్టరాలుకు మందు వాడుతున్నవారు వైద్యుని సలహాతోనే వాడాలని కూడా ఉన్నది. ఆ వాక్యం మేము చదవలేదు. మాత్ర 168ని 92కు దించింది. డబ్బా 168ని 151కి దించింది. ఒకదాని స్థానంలో రెండోది పెట్టి, రెండూ సమానమనుకున్నది మేము.

ఇంకొక తేడా కూడా ఉన్నది. స్టాటిన్ మాత్ర కాలేయంలో కొలెస్టరాలు తయారయ్యే చోటనే చెయ్యి అడ్డం పెడుతుంది. అంతకంటె ముఖ్యం, అది అంకెను తగ్గించడమే కాక ప్రాణాలు కాపాడుతుందని రుజువు ఉన్నది. స్కాండినేవియా దేశాలలో 4,444 మంది గుండె రోగులను అయిదేళ్ళకు పైగా గమనించి, 1994లో ఫలితం ప్రకటించారు. మాత్ర వేసుకున్నవారిలో మరణాలు నూటికి 30 పాళ్ళు తక్కువ. మొక్కల స్టెరాళ్ళకు అటువంటి రుజువు లేదు. అవి అంకె తగ్గిస్తాయని నిశ్చయంగా తెలుసు. గుండెపోట్లు తగ్గిస్తాయని నేరుగా చూపిన పెద్ద పరీక్ష ఇంతవరకు లేదు. ఫిన్లండులో మరణాలు తగ్గినది కూడా ఆ మార్గరీను వల్ల కాదు. అది అంగడిలోకి వచ్చేసరికే ఉద్యమానికి ఇరవై మూడేళ్ళు నిండాయి.

అయితే స్టెరాళ్ళకు చోటే లేదా? ఉన్నది. కొలెస్టరాలు కొద్దిగా ఎక్కువై, ఇంకా మాత్ర అవసరం లేదని డాక్టరుగారు అన్నవారికి అవి ఉపయోగపడవచ్చు. మాత్ర వేసుకుంటున్నా అంకె చాలినంత దిగనివారికి మాత్రతోపాటు వాడితే మరి కొంత దిగుతుంది. రెండూ వేరు వేరు చోట్ల పనిచేస్తాయి గనుక ఒకదానికొకటి తోడు అవుతాయి. తోడు కావడం వేరు, బదులు కావడం వేరు. ఈ రెండు మాటల తేడా తెలుసుకోవడానికి మా ఇంట్లో చాలా ఖరీదు చెల్లించాము.

ఇవి వాడకూడనివారు కూడా ఉన్నారు. గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు, అయిదేళ్ళ లోపు పిల్లలకు ఇవి తగవు. ఇంట్లో డబ్బా ఉన్నది గదా అని అందరి పాలలోనూ కలపవద్దు. వాడేవారు ఆకుకూరలు, గుమ్మడి, కారెట్టు, బొప్పాయి వంటివి బాగా తినాలి. ఎందుకంటే కొలెస్టరాలుతోపాటు కెరోటీను కూడా కాస్త తక్కువగా లోపలికి పోతుంది.

అరుదుగా కొన్ని కుటుంబాలలో, మేము ముందు చెప్పిన టిక్కెట్టు తనిఖీ పుట్టుకతోనే పనిచేయదు. మొక్కల స్టెరాళ్ళు నెత్తురులో పేరుకుపోతాయి. చీలమండ నరాల మీద, మోచేతుల మీద కొవ్వు గడ్డలు లేస్తాయి. చిన్న వయసులోనే గుండె జబ్బు రావచ్చు. దీనిని 1974లో ఇద్దరు అక్కచెల్లెళ్ళలో మొదటిసారి గుర్తించి సిటోస్టెరాలీమియా అని పేరు పెట్టారు. అటువంటివారికి ఈ డబ్బా అపకారం. కనుక "మొక్కలనుంచి వచ్చినది, ఏమీ చేయదు" అనే మాట ఎవరు అన్నా నమ్మకండి. గన్నేరు కూడా మొక్కే.

ఇక మా విన్నపం. ఇక్కడ మన పిల్లలు ఒడియాలో చదువుతున్నారు. డాక్టరుగారు ఒడియాలో చెబుతారు. డబ్బా ఇంగ్లీషులో చెబుతుంది. పెద్దవాళ్ళు భయపడేది, ఆలోచించేది మాత్రం తెలుగులోనే. ఈ మూడు భాషల నడుమ ఎక్కడో ఒక చిన్న వాక్యం జారిపోతుంది. మా ఇంట్లో జారిపోయినది "వైద్యుని సలహాతోనే" అనే వాక్యం. మీ ఇంట్లో అది జారిపోకూడదనే మేము ఈ వేదిక ఎక్కాము.

అంచేత రెండు పనులు చేద్దామని సభవారికి మనవి చేస్తున్నాము. ఒకటి, ప్రతి ఇంట్లో పెద్దవారు వేసుకొనే మాత్రల పేర్లు, అది దేనికి, ఏ వేళకు అన్నది ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి వంటింటి గోడకు తగిలించండి. దానిలో దేనిని మానాలన్నా ముందు డాక్టరుగారిని అడగాలని అడుగున రాయండి. నొప్పులు ఉంటే దాచుకోకండి. మోతాదు మార్చడానికీ, మందే మార్చడానికీ వారి దగ్గర దారులు ఉన్నాయి. రెండు, కొత్తగా ఏ డబ్బా కొన్నా తెరవక ముందు ఆదివారం ఉదయం మన సంఘం పఠనాలయానికి తీసుకురండి. మేము అక్కడ ఉంటాము. ఇంగ్లీషు బాగా వచ్చిన మన పిల్లలు ఇద్దరు ముగ్గురు కూడా ఉంటామన్నారు. వైద్యం చేయము, సలహా ఇవ్వము. అట్ట మీద ఏమున్నదో అక్షరం వదలకుండా తెలుగులో చదివి వినిపిస్తాము. డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు కాగితం మీద రాసి ఇస్తాము. అంతే.

మామయ్యగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారు. రాత్రి భోజనం కాగానే అత్తయ్య మాత్ర చేతిలో పెడుతుంది, మింగేదాకా అక్కడినుంచి కదలదు. డబ్బా పొడి ఇప్పుడు అక్కరలేదని డాక్టరుగారు అన్నారు. మొన్న సంక్రాంతికి మాత్రం చిమ్మిలి ఉండలు వరసగా నాలుగు తిన్నారు. ఇదేమిటి మామయ్యా అని అడిగితే, "నువ్వు చెప్పిన స్టెరాళ్ళేరా" అన్నారు. దానిలో బెల్లం ఎంతో లెక్క వేయవద్దని కూడా ఆజ్ఞాపించారు. ఉగాది పూట పెద్దల ఆజ్ఞ మీరలేము గనుక ఆ లెక్క ఇక్కడ చెప్పడం లేదు.

పులిహోర చల్లారిపోతున్నదని వెనకనుంచి సైగ చేస్తున్నారు.